బ్రెజిల్ గింజ: మేలెంత, కీడెంత?

గత విద్యా సంవత్సరంలో ఒకనాడు ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు ప్రయోగశాలకు ఒక చిన్న పొట్లం తీసుకొని వచ్చాడు. దుబాయి నుండి వచ్చిన అతని మామూ ఇంటిల్లిపాదికీ తెచ్చిన ఎండుఫలాలలో అదొకటి. విప్పి చూడగా బాదంపప్పు కంటె రెండింతలు పెద్దవి, మూడు పలకలుగా ఉన్నవి, పాలరంగు మీద గోధుమరంగు పొర అంటియున్నవి కొన్ని గింజలు కనిపించాయి. "సార్, వీటిని బ్రెజిల్ నట్స్ అంటారట. రోజూ గుప్పెడు తింటే థైరాయిడ్ జబ్బు పోతుందని, జుట్టు రాలడం ఆగుతుందని మా అమ్మీకి ఎవరో చెప్పారు. పది రోజుల నుండి తింటున్నది. నిజమేనా?" అని అడిగాడు.

"గుప్పెడా?" అని మాత్రమే నేను మొదట అనగలిగాను. ఈనాడు ఇంటింటా, ముఖ్యంగా పండుగ దినాలలో, ఈ గింజ బాదం, పిస్తాల సరసన చేరుతున్నది. దానిని గురించి రెండు రకాల మాటలు వినవస్తున్నవి. ఒకరు సర్వరోగ నివారిణి అంటారు, మరొకరు విషమంటారు. రెండు మాటలలోనూ కొంత నిజమున్నది. ఆ నిజం ఎంతవరకో తెలుసుకొనుటకు మొదట చెట్టును, పిదప దాని క్రింది నేలను చూడవలసి ఉన్నది.

వృక్షశాస్త్రంలో ఈ చెట్టు పేరు బెర్తొలేషియా ఎక్సెల్సా. 19వ శతాబ్ది తొలి దశకంలో జర్మన్ పరిశోధక యాత్రికుడు హంబోల్ట్, ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బాన్‌ప్లాండ్ దీనిని వర్ణించి, తమ కాలపు ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త బెర్తొలే గౌరవార్థం ఆ పేరు ఉంచారు. రసాయన శాస్త్రవేత్త పేరు మోసిన ఈ చెట్టును గురించి నేడు లోకం చెప్పుకొనేదంతా ఒక రసాయన మూలకాన్ని గురించే కావడం యాదృచ్ఛికం. ఆ పేరు పెట్టేనాటికి ఆ మూలకం ఇంకా కనుగొనబడనే లేదు.

దక్షిణ అమెరికాలోని అమెజాన్ అరణ్యం ఈ చెట్టు జన్మస్థానం. బ్రెజిల్, బొలీవియా, పెరూ దేశాలలో ఇది విస్తారంగా పెరుగుతున్నది. పేరు బ్రెజిల్‌దే గాని, ఎగుమతిలో ఎన్నో ఏండ్లుగా బొలీవియాదే పైచేయి. చెట్టు 50 మీటర్ల ఎత్తు వరకు పెరిగి, అడవిలోని ఇతర వృక్షాలను మించి తలయెత్తి నిలుచును. దీని ఆయుర్దాయం వందల ఏండ్లు. మన దేవాలయ ప్రాంగణాలలో, ఉద్యానవనాలలో కనిపించే నాగలింగ వృక్షం కూడా ఇదే లెసిథిడేసి కుటుంబానికి చెందినది. నాగలింగ పువ్వులో పడగవంటి భాగాన్ని మీరు చూచియే ఉందురు. బ్రెజిల్ గింజ చెట్టు పువ్వులోనూ అటువంటి మూత ఒకటి ఉండును. దానిని ఎత్తి లోపలికి దూరగల బలము గలవి తుమ్మెదల వంటి పెద్ద కీటకాలు మాత్రమే. చిన్న తేనెటీగకు అది సాధ్యం కాదు. అడవి నరికివేసిన చోట ఆ తుమ్మెదలు తగ్గిపోవును. తుమ్మెదలు లేని చోట చెట్టు పూచినా కాయదు. అందువలననే ఈ గింజలలో అధిక భాగం నేటికీ తోటల నుండి గాక సహజారణ్యం నుండియే సేకరింపబడుతున్నది.

పూత కాయగా మారి పండుటకు ఏడాదికి పైగా, ఇంచుమించు 14 నెలలు పట్టును. కాయ మన వెలగకాయవలె గుండ్రంగా, గట్టి పెంకుతో, అంతకంటె చాలా పెద్దదిగా ఉండును. రెండు కిలోల వరకు తూగును. లోపల 10 నుండి 25 వరకు గింజలు నారింజ తొనలవలె ఒకదానినొకటి ఒరసికొని అమరియుండును. అంత ఎత్తు నుండి అంత బరువైన కాయ తలమీద పడినచో మనిషి బ్రతుకుట కష్టం. కనుక సేకరించువారు కాయలు చాలవరకు రాలిన తరువాత, వర్షకాలంలో, గాలి లేని వేళ చూచుకొని చెట్టు క్రిందికి పోయి, పెద్ద కత్తులతో వాటిని పగులగొట్టుదురు. మనుష్యులు గాక ఆ పెంకును కొరికి తెరవగల జంతువు అగౌటీ. కుందేలంత ఉండే ఈ ఎలుకజాతి ప్రాణి కొన్ని గింజలు తిని, మిగిలినవి మున్ముందు కోసం మట్టిలో పాతిపెట్టును. అది మరచిపోయిన గింజలే మొలకెత్తి రేపటి చెట్లగును. కాయలు తడినేలపై పడియుండుట అను విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు మనకు పని ఉన్నది.

అదే దక్షిణ అమెరికా ఖండం నుండి మనకు వచ్చినవి వేరే రెండు కలవు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి జీడిమామిడిని మన తీరానికి తెచ్చారు. వేరుసెనగ పుట్టిల్లు కూడా ఆ ఖండమే. నేడు పలాస జీడిపప్పును, అనంతపురం వేరుసెనగను పరాయివని ఎవరూ అనుకొనరు. తుమ్మెదను, అగౌటీని, అడవిని వదలి రాలేని బ్రెజిల్ గింజ మాత్రం అక్కడనే నిలిచిపోయి, డబ్బాలలోను పొట్లాలలోను మాత్రమే మన వద్దకు వచ్చుచున్నది.

ఇక ఆహారంగా దీని విలువను చూతము. 100 గ్రాముల గింజలలో సుమారు 67 గ్రాముల కొవ్వు, 14 గ్రాముల మాంసకృత్తులు, ఏడు గ్రాములకు పైగా పీచు ఉండును. శక్తి సుమారు 660 కేలరీలు. మెగ్నీషియం 376 మిల్లీగ్రాములు. భాస్వరం, రాగి, థయమిన్ కూడా మెచ్చదగినంత కలవు. కొవ్వులో అధిక భాగం గుండెకు హాని చేయని అసంతృప్త రకమే. ఇంతవరకు ఇది బాదం, అక్రోటుల కుటుంబంలో మరొక సోదరి మాత్రమే. తేడా అంతా సెలీనియం అను మూలకంలో ఉన్నది. 100 గ్రాముల వేరుసెనగలో సెలీనియం సుమారు 7 మైక్రోగ్రాములు, జీడిపప్పులో సుమారు 20. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బ్రెజిల్ గింజలలో అది 1,917 మైక్రోగ్రాములు! మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షల వంతు. మనుష్యులు నిత్యం తినే ఆహార పదార్థాలలో ఇంత సెలీనియం గలది మరొకటి లేదనవచ్చును.

సెలీనియంను 1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ గంధకామ్ల కర్మాగారపు మడ్డిలో కనుగొన్నాడు. అంతకుముందే భూమి పేరున టెల్లూరియం ఉన్నందున, దాని తోబుట్టువు వంటి ఈ మూలకానికి గ్రీకు భాషలో చంద్రుని పేరు పెట్టాడు. జీవశాస్త్రానికి ఇది మొదట విషంగానే పరిచయమైనది. 1930ల దశకంలో అమెరికాలోని దక్షిణ డకోటా ప్రాంతంలో పశువులకు వెంట్రుకలు ఊడి, గిట్టలు పగులుచుండుటకు కారణం వెదకగా, నేలలోని సెలీనియం మేత ద్వారా వాటి శరీరంలో చేరుచున్నదని తేలినది. సెలీనియం అనగా విషమని పుస్తకాలు వ్రాసుకొనుచున్న కాలంలో, 1957లో ష్వార్ట్స్, ఫోల్ట్స్ అనువారు అది లేని ఆహారం తిన్న ఎలుకలకు కాలేయం చెడుననియు, అత్యల్పంగా ఇచ్చినచో చెడదనియు నిరూపించారు. ఒకే పదార్థం పశువును చంపునది, ఎలుకను బ్రతికించునది ఎట్లగునని శాస్త్రజ్ఞులు కొంతకాలం తికమక పడియుందురు. 1973లో సమాధానం దొరికినది. మన కణాలను పెరాక్సైడుల దాడి నుండి కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైములో సెలీనియం ఒక అంగమని తెలిసినది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోనును శరీరం వాడుకొనదగిన రూపంలోకి మార్చే ఎంజైములకు కూడా సెలీనియమే ఆధారమని 1990 ప్రాంతంలో స్పష్టమైనది. గ్రాముకు ఇంత అని లెక్కించినచో శరీరంలో సెలీనియం అత్యధికంగా ఉండే అవయవం థైరాయిడ్ గ్రంథియే.

లేమి, అతి, ఈ రెండింటికీ ఉదాహరణలు ఒక్క చైనా దేశంలోనే దొరుకుట విశేషం. ఆ దేశపు ఈశాన్య భాగాన హైలుంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కేషాన్ ప్రాంతంలో 1935లో ఒక గుండెజబ్బు బయటపడినది. పసిపిల్లలు, ప్రసవయోగ్య వయస్సులోని స్త్రీలు గుండె కండరం బలహీనపడి మరణించేవారు. అక్కడి నేలలో, అక్కడ పండే ధాన్యంలో సెలీనియం బహు స్వల్పం. 1970లలో పిల్లలకు సోడియం సెలినైట్ మాత్రలు ఇచ్చి చూడగా జబ్బు గణనీయంగా తగ్గినది. దీనికి ఒక వైరస్ కూడా తోడగునని తరువాత తెలిసినను, సెలీనియం లేమియే దానికి దారి తెరచునది. ఆ దేశంలోనే హూబై రాష్ట్రపు ఎన్‌షీ జిల్లాలో 1961 నుండి 1964 వరకు వేరొక కథ జరిగినది. అక్కడి రాతిబొగ్గులో సెలీనియం అపారం. అది అరిగి నేలలో కలసినది. రైతులు నేలకు సున్నం వేయుట అలవాటు. సున్నం వలన సెలీనియం మొక్కలకు సులభంగా అందినది. వర్షాలు లేక వరి పోయిన కాలంలో జనం ఆ నేలలో పండిన మొక్కజొన్న, కూరగాయలే తిని బ్రతికారు. జుట్టు ఊడిపోయినది. గోళ్ళు పెళుసై రాలినవి. ఎక్కువగా దెబ్బతిన్న ఐదు గ్రామాలలోని 248 మందిలో ఇంచుమించు సగం మందికి ఈ వ్యాధి సోకినది. మన దేశంలోనూ పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లాలో, నేడు షహీద్ భగత్‌సింగ్ నగర్ అని పిలువబడే నవాన్‌షహర్ జిల్లాలో కొన్ని గ్రామాల నేలలు ఇటువంటివే. అక్కడి పశువులకు గిట్టలు పగులుట, వెంట్రుకలు రాలుట శాస్త్రజ్ఞులు గమనించారు.

జుట్టు రాలకుండుటకని తినే గింజ మితిమీరినచో జుట్టునే రాల్చును. ఈ ఒక్క మాట ఆ తల్లికి ఎవరైనా మొదటనే చెప్పియుండవలసినది.

ఎంత తింటే మితిమీరినట్లు? లెక్క చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనవారికి సూచించిన సెలీనియం రోజుకు 40 మైక్రోగ్రాములు. అమెరికావారి లెక్క 55. రోజుకు దాటరాని పరిమితిగా అమెరికాలో 400 మైక్రోగ్రాములు నిర్ణయించారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ హద్దును 255కు తగ్గించినది. ఆ నిర్ణయానికి ఆధారమైన తొలి లక్షణం ఏదనుకొన్నారు? జుట్టు రాలుటయే. ఇక ఒక గింజ బరువు సుమారు 5 గ్రాములు. పైన చెప్పిన సగటు ప్రకారం ఒక్క గింజలో 96 మైక్రోగ్రాములు, అనగా మన దైనందిన అవసరానికి రెండింతలకు పైగా. మూడు గింజలతో ఐరోపావారి హద్దు, ఐదు గింజలతో అమెరికావారి హద్దు దాటిపోవును. గుప్పెడు అనగా ఎనిమిది గింజలైనా ఉండును గదా!

ఈ లెక్కలో సైతం ఒక చిక్కు ఉన్నది. 1,917 అనునది సగటు మాత్రమే. చెట్టు వేరు ఏ నేలలో ఉన్నదో దానిని బట్టి గింజలో సెలీనియం మారును. బ్రెజిల్‌లోనే అమెజొనాస్ రాష్ట్రపు గింజలకు, పశ్చిమాన ఆక్రె రాష్ట్రపు గింజలకు ఎన్నో రెట్ల భేదం కనిపించినది. ఒక గింజలో పది మైక్రోగ్రాములే ఉండవచ్చును, దాని పక్క గింజలో రెండు వందలు ఉండవచ్చును. చూపుకు, రుచికి రెండూ ఒకటే. పొట్లంపై అది ఏ అడవి నుండి వచ్చినదో వ్రాసియుండుట అరుదు. మందుబిళ్ళకు ఉన్న కొలత ఈ గింజకు లేదు. అదీ గాక ఇందులోని సెలీనియం చాలవరకు సెలీనోమిథయోనిన్ అను రూపంలో ఉండును. శరీరం దానిని మామూలు మిథయోనిన్ అని భ్రమించి కండరాల మాంసకృత్తులలో కలుపుకొనును. కాబట్టి నేడు తిన్నది నేడే పోదు, రోజురోజుకూ కూడును.

మితిమీరిన సెలీనియం చూపే గుర్తులు ఇవి: ఊపిరిలో వెల్లుల్లి వాసన, నోటిలో లోహపు రుచి, కడుపులో వికారం, విరేచనాలు, నిస్సత్తువ, వెంట్రుకలు రాలుట, గోళ్ళపై తెల్లని గీతలు పడి పెళుసగుట. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషక ఔషధం తయారీలో పొరపాటు జరిగి, చీటీపై చెప్పిన దానికి 200 రెట్లు సెలీనియం చేరగా, 201 మంది ఈ లక్షణాలతో బాధపడినట్లు నమోదైనది. అది గింజ వలన జరిగినది కాదు. రోజుకు ఒకటి రెండు గింజలు తినేవారికి అటువంటి భయం అక్కరలేదు. అయితే దారి ఎటు పోవునో అది చూపుచున్నది.

మేలు సంగతి? అది కూడా రుజువైనదే. న్యూజీలాండు నేలలలో సెలీనియం తక్కువ. అక్కడ 2008లో ప్రచురింపబడిన పరిశోధనలో 59 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు 12 వారాల పాటు రోజుకు రెండు బ్రెజిల్ గింజలు, మరొక జట్టుకు 100 మైక్రోగ్రాముల సెలీనియం మాత్ర, మూడవ జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గింజలు తిన్నవారి రక్తంలో సెలీనియం మాత్ర తిన్నవారితో సమానంగా పెరిగినది. లేమి ఉన్నవారికి రెండు గింజలు మందుతో సమానమన్నమాట. ఫిన్లండు దేశం మరొక మార్గం త్రొక్కినది. 1984 నుండి ఎరువులలోనే సెలీనియం కలిపి, దేశమంతటి ధాన్యాన్ని బాగుచేసికొన్నది.

లేమి లేనివారికి ఇంకా ఇచ్చినచో ఇంకా మేలు కలుగునా అన్నది వేరే ప్రశ్న. 35,000 మందికి పైగా పురుషులపై 2001లో అమెరికాలో ఒక మహాపరీక్ష మొదలుపెట్టారు. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సరును నివారించునని ఆశ. 2008లో దానిని మధ్యలోనే ఆపివేశారు. ఏ మేలూ కనిపించలేదు. కొలెస్టరాలును ఒక్క పూటలో తగ్గించునని ప్రచారంలో ఉన్న మాటకు మూలం 2013లో వెలువడిన ఒక చిన్న ప్రయత్నం. అందులో పాల్గొన్నవారు పదిమంది మాత్రమే, వారికి ఇచ్చిన అత్యధిక మోతాదు ఒకేసారి 50 గ్రాములు, అనగా పది గింజలు. పదిమందిపై ఒకనాడు చేసిన పరీక్షను పట్టుకొని కోటిమంది దినమూ ఆచరించదగినదని చెప్పుట శాస్త్రం కాదు. థైరాయిడ్ విషయంలోనూ తొందర పనికిరాదు. ఆ గ్రంథికి మొదటి అవసరం అయోడిన్. అయోడిన్, సెలీనియం రెండూ కొరవడిన జైర్ దేశ ప్రజలలో కొందరికి సెలీనియం ఒక్కటే ఇచ్చి చూడగా థైరాయిడ్ స్థితి మెరుగుపడుటకు మారుగా క్షీణించినట్లు 1991లో ప్రకటింపబడినది.

తడినేల సంగతి గుర్తుంచుకొనుడని పైన కోరితిని. వానలో, ఆకుల కుళ్ళులో వారాల తరబడి పడియున్న కాయలకు, ఆరకుండ పోగుచేసిన గింజలకు ఆస్పర్జిల్లస్ అను బూజు పట్టును. అది స్రవించే అఫ్లటాక్సిన్ కాలేయానికి ఘోరమైన విషం, క్యాన్సరుకు కారకం. 2003లో ఐరోపా సంఘం ఈ కారణంగానే బ్రెజిల్ నుండి వచ్చే పెంకుతో కూడిన గింజలపై కఠిన నిబంధనలు విధించినది. చిత్రమేమనగా, ఈ విషం లోకానికి తెలిసినదే బ్రెజిల్ సరుకు వలన. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, కారణం బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ పిండి అని తేలినది. మనకు ఇది దూరపు కథ కాదు. 1974లో గుజరాత్, రాజస్థాన్‌ల గిరిజన గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఆ మరణాల కారణాన్ని వెలికితీసినవారు మన హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. కనుక గింజ కొరికినపుడు చేదుగా గాని, బూజు వాసనగా గాని ఉన్నచో డబ్బు పోయినదని చింతింపక ఉమ్మివేయవలెను. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా నశించదు. ఈ జాగ్రత్త వేరుసెనగకూ వర్తించును.

కొందరికి ఈ గింజ సరిపడదు. పెదవులు వాచుట, దద్దుర్లు, ఊపిరాడకుండుట సంభవించవచ్చును. అటువంటివారికి ఒక్క గింజయైనా ప్రాణాపాయమే. సోయాచిక్కుడులో మాంసకృత్తుల నాణ్యత పెంచుటకని బ్రెజిల్ గింజ జన్యువును చేర్చగా, ఎలర్జీ కలిగించే గుణం కూడా దానితో వచ్చినట్లు 1996లో బయటపడి ఆ ప్రయత్నమే మానుకొన్నారు. ఇక ఈ గింజలో రేడియం ఉన్నదన్న మాట వినికిడిలో ఉన్నది. చెట్టు నేలలోని బేరియంతో పాటు లేశమాత్రం రేడియంను కూడా పీల్చుకొనుట నిజమే గాని, అందులో అధిక భాగం శరీరంలో నిలువదు. దీనికి భయపడనక్కరలేదు.

ఒక చిన్న విషయం. కలగలుపు ఎండుఫలాల డబ్బా కదిలి కదిలి వచ్చినపుడు పెద్ద గింజలు పైకి తేలును. 1987 నుండి భౌతికశాస్త్రంలో దీనికి బ్రెజిల్ గింజ పేరే స్థిరపడినది. అనగా డబ్బా మూత తీసినవారి చేతికి మొదట అందేవి ఇవే. చిన్నపిల్లలున్న ఇంటిలో వీటిని ఏరి వేరే సీసాలో ఉంచుట మంచిది. కొవ్వు అధికం గనుక ఎండలో త్వరగా మక్కిపోవును. బిగుతైన మూతతో చల్లని చోట ఉంచవలెను.

ఆనాడు ఆ విద్యార్థికి చెప్పినది ఇదే: "ఇవాళ్టి నుండి మీ అమ్మీగారిని వాటిని మానుకొమ్మని చెప్పు. గోళ్ళు, నోటి రుచి ఎట్లున్నవో అడుగు. డాక్టరుగారి వద్దకు తీసుకొనిపోయి రక్తపరీక్ష చేయించు." వారం తరువాత అతడు వచ్చాడు. తల్లిగారు రోజుకు ఏడెనిమిది తిన్నారట. నోటిలో ఇనుము నాకినట్లు ఉండుట నిజమేనట, మానిన తరువాత తగ్గినదట. డాక్టరు పరీక్షలో థైరాయిడ్ బాగానే ఉన్నది. రక్తం మాత్రం తక్కువగా ఉన్నది. జుట్టు రాలుటకు కారణం అదేనని చెప్పి ఇనుము మాత్రలు వ్రాసి ఇచ్చారట. "మరి ఆ మిగిలిన గింజలు, సార్?" అన్నాడు. ఇంటిలో ఎంతమంది అని అడిగాను. ఆరుగురు అన్నాడు. గింజలు సరిపడనివారు ఎవరూ లేకున్నచో పెద్దలు వారానికి రెండు మూడు చొప్పున పంచుకొని తినవచ్చునని చెప్పాను. పొట్లంలోని ఒక గింజను మన వృక్షశాస్త్ర విభాగపు నమూనాల అలమారలో, నాగలింగ కాయ పక్కన ఉంచాము.